ఒక్క గడిలో తెలంగాణ

ఎండలు ముదిరినప్పుడల్లా గోదావరిఖని చుట్టుపక్కల ఒక మాట వినిపిస్తుంది: ఈ మంటకు రామగుండం పొగగొట్టాలే కారణమని. అనేవాళ్లను తప్పుపట్టలేం. 1983లో మొదటి యూనిట్‌తో మొదలైన అక్కడి థర్మల్ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. దాని పక్కనే 1,600 మెగావాట్ల కొత్త కేంద్రం లేచింది. గోదావరి దాటితే జైపూర్‌లో సింగరేణిది మరో 1,200. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే కిలోకు కాస్త అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇంత వాయువు పుట్టే చోట వేడి కూడా ఎక్కువే ఉండాలి కదా అనుకోవడం సహజం.

కార్బన్ డయాక్సైడ్ అలా పనిచేయదు. బూడిద దగ్గర్లోనే రాలుతుంది. ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బలు పగలంతా కాగి చుట్టుపక్కల వాళ్లను ఉడికిస్తాయి. ఈ రెండూ స్థానిక బాధలే. వాయువు మాత్రం పుట్టిన ఊళ్లో నిలవదు. ఏడాది, రెండేళ్లలో భూగోళమంతా కలిసిపోతుంది. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో దాని వాటా పది లక్షల్లో 315 పాళ్లు. ఫ్యాక్టరీల కాలానికి ముందు 280 ఉండేది. ఇప్పుడు 420 దాటింది. జైనథ్‌లోని పత్తి చేను మీద కొలిచినా ఇంచుమించు ఇదే అంకె వస్తుంది. మరి వాయువు అంతటా ఒకటే అయినప్పుడు, దాని ఫలితం భీంపూర్‌లో ఒకలా, మంథనిలో ఒకలా ఎందుకుండాలి? ఉంటుందని ఎవరు, ఎలా లెక్కగట్టారు?

ఆదిలాబాద్‌ను మించిన పరీక్షాస్థలం ఈ ప్రశ్నకు తెలంగాణలో దొరకదు. డిసెంబరు, జనవరిలో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ అని బులెటిన్ చూస్తే అర్లి-టి, సిర్పూర్-యు, గిన్నెధరి పేర్లు కనబడతాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటిన ఊళ్ల జాబితా తీస్తే మళ్లీ ఈ ఉమ్మడి జిల్లా పేర్లే. సముద్రానికి దూరం, ఉత్తర గాలికి అడ్డులేని దారి, పెన్‌గంగ వైపు నల్లరేగడి, నిర్మల్ దాటగానే లేచే గుట్టలు, వాటి వెనుక అడవి. కరీంనగర్ వైపు దిగితే ఎర్రచెలకలు, గుండ్రాళ్ల గుట్టలు, శ్రీరాంసాగర్ కాకతీయ కాల్వ కింద వరి. వంద కిలోమీటర్లలో నేల ఇన్నిసార్లు మారుతుంది.

ఈ మార్పేదీ ప్రపంచ మోడల్‌కు కనబడదు. మోడల్ అంటే భూమి మీద గాలిని గళ్లుగా కోసి, ఒక్కో గడికీ గాలివేగం, వేడి, తేమ, పీడనం లెక్కగట్టే ప్రోగ్రాం. బ్రిటన్‌లోని హాడ్లీ సెంటర్ వాళ్ల హాడ్‌సీఎం-3 చాలా ఏళ్లు ఈ రంగంలో పేరున్న మోడల్. అందులో గడి అక్షాంశంలో రెండున్నర డిగ్రీలు, రేఖాంశంలో మూడు ముప్పావు డిగ్రీలు. మన అక్షాంశం దగ్గర అది సుమారు 280 కిలోమీటర్లు ఒకవైపు, 390 ఇంకోవైపు. వైశాల్యం గుణిస్తే దాదాపు 1 లక్షా 9 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1 లక్షా 12 వేలు. అంటే కుంటాల జలపాతానికీ నల్గొండ బండరాళ్లకూ కలిపి ఒకే ఉష్ణోగ్రత, ఒకే వాన. ఆ గడిలో గుట్టలు చదునైపోతాయి, గోదావరి ఉండదు.

దీన్ని మొదట భరించలేకపోయినది వ్యవసాయ శాస్త్రవేత్తలు కాదు, అణు వ్యర్థాల వాళ్లు. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని యక్కా పర్వతం కింద అణు వ్యర్థాలను పాతిపెట్టాలనుకున్నప్పుడు, భవిష్యత్తులో అక్కడ వాన పెరిగి నీరు లోపలికి ఇంకుతుందేమో చెప్పమన్నారు. ప్రపంచ మోడల్‌లో అసలు ఆ పర్వతమే లేదు. బౌల్డర్‌లోని వాతావరణ పరిశోధనా కేంద్రంలో రాబర్ట్ డికిన్సన్, ఫిలిప్పో జార్జి కలిసి ఒక ఉపాయం చేశారు. ప్రపంచమంతా ముతక గళ్లతోనే నడవనిచ్చి, పశ్చిమ అమెరికా వరకు మాత్రం 60 కిలోమీటర్ల సన్న గళ్ల మోడల్‌ను లోపల కూర్చోబెట్టారు. 1989లో ఆ పని అచ్చయింది. ప్రాంతీయ శీతోష్ణస్థితి మోడల్ పుట్టుక అదే. జార్జి తర్వాత ఇటలీలోని ట్రియెస్టేకి, అబ్దుస్ సలామ్ స్థాపించిన భౌతికశాస్త్ర కేంద్రానికి వెళ్లి, ఆ మోడల్ వారసుడిని పేద దేశాల శాస్త్రవేత్తలకు ఉచితంగా పంచిపెట్టాడు.

లోపలి మోడల్‌కు తనదంటూ ప్రపంచం ఉండదు. తన హద్దుల అవతల ఏం జరుగుతోందో దానికి తెలియదు. అందుకని ఆరు గంటలకోసారి ప్రపంచ మోడల్ నుంచి గాలి, తేమ, వేడి, పీడనం విలువలు తెచ్చి దాని అంచుల వెంట పోస్తారు. సముద్రపు ఉష్ణోగ్రత కూడా బయటి నుంచే ఇస్తారు. తూము దగ్గర నిలబడ్డ రైతుకు ఇది చప్పున అర్థమవుతుంది. పొలంలో నీళ్లు ఏ మడికి ఎంత పారాలో ఆయన చేతిలో ఉంది, కాల్వలో ఎన్ని నీళ్లు వదలాలో మాత్రం ఆయన చేతిలో లేదు. ప్రపంచ మోడల్ నైరుతి గాలిని పది రోజులు ఆలస్యంగా తెస్తే, సన్న గళ్ల మోడల్ ఆ ఆలస్యాన్నే మరింత వివరంగా చూపిస్తుంది.

ఇందులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ ప్రవేశిస్తుంది అనేది చాలామంది అడగని ప్రశ్న. లోపలి మోడల్‌లో అది ఒక అంకె, అంతే. నేల నుంచి పైకి పోయే వేడి కిరణాల్లో ఎంత గాలిలో చిక్కుకుంటుందో లెక్కించే చోట ఆ అంకె ఉంటుంది. సరదాకి లోపలి మోడల్‌లో ఆ అంకెను రెట్టింపు చేసి, అంచుల నుంచి వచ్చే విలువలను ఇప్పటివే ఉంచారనుకోండి: ఆదిలాబాద్ పెద్దగా వేడెక్కదు. ఎందుకంటే అసలు వేడిని మోసుకొచ్చేది సముద్రం. హిందూ మహాసముద్రం వేడెక్కి, దాని మీద గాలి వేడెక్కి, తేమ పెరిగి, అదంతా అంచులు దాటి లోపలికి వస్తేనే మన జిల్లా మీద ప్రభావం పూర్తిగా పడుతుంది. రామగుండం పొగ రామగుండానికి తిరిగొచ్చే దారి ఇది. అరేబియా సముద్రం, బంగాళాఖాతం చుట్టి వస్తుంది.

మన దేశంలో ఈ పని పెద్ద ఎత్తున చేసింది పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ. హాడ్లీ సెంటర్ తయారుచేసిన ప్రెసిస్ అనే ప్రాంతీయ మోడల్‌ను అక్కడ నడిపారు. ప్రెసిస్ గొప్పతనం దాని సూత్రాల్లో కాదు, మామూలు పర్సనల్ కంప్యూటర్ మీద నడవడంలో ఉంది. గడి 50 కిలోమీటర్లు, కాలం ఐదేసి నిమిషాల అడుగులు. ముప్పై ఏళ్లు నడవాలంటే ముప్పై లక్షలకు పైగా అడుగులు. నెలల తరబడి కంప్యూటర్ ఆగకుండా తిరగాలి. హాడ్‌సీఎం-3 నుంచి నేరుగా 50 కిలోమీటర్లకు దూకకుండా మధ్యలో 150 కిలోమీటర్ల మెట్టు ఒకటి వేశారు. కొల్లి రూపకుమార్, ఆయన సహచరులు చేసిన ఈ అధ్యయనం 2006లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. బృందంలో ఎల్‌నినోకూ మన రుతుపవనానికీ ఉన్న సంబంధం మీద పేరు తెచ్చుకున్న కె. కృష్ణకుమార్ కూడా ఉన్నారు.

ముందు 1961–1990 నాటి వాతావరణాన్ని మోడల్‌తో తయారుచేయించి, నిజంగా కొలిచిన లెక్కలతో పోల్చారు. గతాన్ని సరిగా చూపలేనిది భవిష్యత్తు చెబితే ఎవరు నమ్ముతారు? తర్వాత రెండు భవిష్యత్తులు ఇచ్చారు: ఉద్గారాలు బాగా పెరిగే ఏ-2, కొంత తక్కువగా పెరిగే బీ-2. ఏ-2లో శతాబ్దం చివరికి కార్బన్ డయాక్సైడ్ 850 దగ్గరికి చేరుతుంది. 2071–2100 కాలానికి దేశ సగటు వేడి ఏ-2లో 3 నుంచి 5 డిగ్రీలు, బీ-2లో 2.5 నుంచి 4 డిగ్రీలు పెరుగుతుందని తేలింది. దక్షిణం కంటే ఉత్తరాన ఎక్కువ. రుతుపవన వర్షం దేశం మొత్తం మీద ఐదో వంతు పెరగవచ్చని, పంజాబ్, రాజస్థాన్, తమిళనాడుల్లో కొద్దిగా తగ్గవచ్చని కూడా.

ఆ పేజీల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది పెద్ద అంకె కాదు. పగటి కంటే రాత్రి ఉష్ణోగ్రత వేగంగా పెరుగుతుందన్న వాక్యం. కార్బన్ డయాక్సైడ్ సూర్యకాంతిని ఆపదు, నేల నుంచి పోయే వేడిని ఆపుతుంది. రాత్రి నేల చేసే పనల్లా ఆ వేడిని వదలడమే. వాయువు పెరిగేకొద్దీ, తేమ తోడయ్యేకొద్దీ తెల్లవారుజాము చల్లబడటం తగ్గుతుంది. సిరిసిల్లలో ఇదేమిటో చూడవచ్చు. అక్కడి సాంచెలు, అంటే మరమగ్గాలు, రాత్రి పాళీలో కూడా నడుస్తాయి. పైన రేకుల కప్పు, గాలిలో నూలు దూది, మోటార్ల వేడి. పగలంతా కాగిన రేకు సాయంత్రం ఏడింటికి కూడా చెయ్యి పెట్టనివ్వదు. అర్ధరాత్రి దాటాక దిగే చల్లదనం మీదే ఆ పాళీ మనిషి ఆధారపడి ఉంటాడు. పత్రికల్లో మాత్రం అచ్చయ్యేది మధ్యాహ్నం రెండింటి అంకె.

2015 మే నెలలో దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు, అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. ఆ తర్వాత రెండేళ్లకు అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు ఎల్ఫతీ ఎల్తాహిర్ బృందం దక్షిణాసియా మీద 25 కిలోమీటర్ల ప్రాంతీయ మోడల్ నడిపి, మామూలు ఉష్ణోగ్రత బదులు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రతను లెక్కగట్టింది. అది 35 డిగ్రీలు చేరితే చెమట ఆరదు, ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకలేడు. ఉద్గారాలు అదుపు తప్పితే శతాబ్దం చివరికి గంగ, సింధు లోయల్లో కొన్నిచోట్ల ఆ హద్దు దగ్గరపడుతుందని వాళ్ల ఫలితం. సాగునీరు పారే లోయలు కావడం ఇందులో యాదృచ్ఛికం కాదు. తడి పొలం గాలిని చల్లబరుస్తుంది, అదే సమయంలో తేమ పెంచుతుంది. కరీంనగర్ జిల్లాల్లో గత పదేళ్లలో యాసంగి వరి ఎంత పెరిగిందో తెలిసినవాళ్లకు ఈ ముక్క చెవిన పడాలి. సాగునీటిని అసలు లెక్కలోకే తీసుకోని ప్రాంతీయ మోడళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటి పటంలో కాకతీయ కాల్వ కింది ఊరు, నీళ్లు లేని చెలక ఊరు ఒకటే.

వేడి సంగతి ఇలా ఉంటే వాన సంగతి వేరు. ఇక్కడ మోడళ్లను నమ్మడంలో కాస్త పిసినారితనం మంచిది. మన వాన ఎక్కువగా నిలువుగా లేచే మేఘాల నుంచి పడుతుంది. ఒక్కో మేఘం కొన్ని కిలోమీటర్లే. 50 కిలోమీటర్ల గడికి అది చిక్కదు. అందుకని గడిలో సగటు తేమ, సగటు వేడి ఇంతుంటే వాన ఇంత పడుతుందని ఒక అంచనా సూత్రం పెడతారు. సూత్రం మారిస్తే వాన మారుతుంది. 2017లో ఐఐటీ బొంబాయి పరిశోధకులు దక్షిణాసియా మీద నడిచిన ప్రాంతీయ మోడళ్లను వాటికి అంచు విలువలిచ్చిన ప్రపంచ మోడళ్లతో పోల్చి, రుతుపవన వర్షం విషయంలో సన్న గళ్లు అన్నిచోట్లా మెరుగు కావని చూపించారు. జిల్లాకో రంగు వేసి, ఈ జిల్లాలో వాన ఇంత శాతం పెరుగుతుందని చెప్పే పటాలు ఆఫీసు గోడల మీద చాలా అందంగా ఉంటాయి. ఆ రంగుల హద్దులు రెవెన్యూ హద్దుల్లా కచ్చితం అనుకుంటేనే చిక్కు.

నమ్మదగిన భాగం ఇంకోటి ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఇది మోడల్ చెప్పిన మాట కాదు, పాత భౌతికశాస్త్రం. మూడు డిగ్రీలకు ఐదో వంతుకు పైనే. ఆ ఆవిరి దిగేటప్పుడు ఒక్కసారిగా దిగుతుంది. బి.ఎన్. గోస్వామి బృందం 2006లో మధ్యభారతం మీద ఒక చతురస్రం గీసి, 1951 నుంచి 2000 వరకు రోజువారీ వాన లెక్కలు తీసింది. ఆదిలాబాద్, కరీంనగర్ రెండూ ఆ చతురస్రంలోనివే. భారీ వానలు పెరిగాయి, ఓ మోస్తరు వానలు తగ్గాయి, సగటులో మాత్రం తేడా కనబడలేదు. 2020లో భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నివేదిక ఇంకో సంగతి కలిపింది: 1951–2015 మధ్య దేశంలో రుతుపవన వర్షం 6 శాతం దాకా తగ్గింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వాన పెరగాలి కదా? ఈ చిక్కుముడి కోసం పుణెలోనే ఆర్. కృష్ణన్ బృందం దక్షిణాసియా మీద గళ్లను 35 కిలోమీటర్లకు బిగించిన మోడల్‌తో రెండు ప్రపంచాలు నడిపింది. ఒకదాంట్లో మనిషి చేసినవన్నీ ఉన్నాయి. రెండోదాంట్లో సూర్యుడు, అగ్నిపర్వతాలు తప్ప ఏమీ లేవు. వాన తగ్గుదల మొదటి ప్రపంచంలోనే వచ్చింది. గాలిలో మసి, ధూళి కణాలు, నేల వాడకంలో మార్పులు రుతుపవనాన్ని నీరసింపజేశాయని వాళ్ల వివరణ. పొగగొట్టం నుంచి వచ్చే కణాలు వానను తగ్గించే వైపు, వాయువు పెంచే వైపు లాగుతున్నాయన్నమాట. కణాలు వారాల్లో రాలిపోతాయి. వాయువులో చాలా భాగం వందల ఏళ్లు ఉంటుంది.

కడెం ప్రాజెక్టు దగ్గర నిలబడితే ఈ చర్చ గాలిలో మాటలా అనిపించదు. గేట్లన్నీ ఎత్తినా దాదాపు 3 లక్షల క్యూసెక్కులు మాత్రమే దాటించగల ఆనకట్ట అది. 1958లో ఒకసారి, 1995లో ఒకసారి గండిపడింది. 2022 జూలైలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది, దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 2023 జూలైలో నీళ్లు మళ్లీ గేట్ల మీదుగా పొర్లాయి. అదే వారంలో, ఆగ్నేయాన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, తెలంగాణలో అంతవరకు అంత వాన నమోదు కాలేదు. ఇటువంటి ఒక్కో సంఘటనను పట్టుకుని ఇది కార్బన్ డయాక్సైడ్ పనే అనడం శాస్త్రం కాదు. అయితే 1950ల నాటి వాన లెక్కలతో కట్టిన గేట్లు ఇక చాలవేమో అని అడగడం శాస్త్రమే.

ప్రాంతీయ మోడల్‌ను అడగాల్సిన మనిషి ఎవరంటే, నా ఉద్దేశంలో, కడెం ఇంజనీరు. పత్తి రైతు కాదు. ఈ మాట కొందరికి నచ్చదు, ఎందుకంటే వాతావరణ మార్పు సభల్లో ముందు వరుసలో కూర్చోబెట్టేది రైతునే. రైతు అడిగేది వేరు: మృగశిర ప్రవేశించింది, రెండు జల్లులు పడ్డాయి, పొడి దుక్కిలో గింజ పెట్టాలా, ఆగాలా? పెట్టాక పది రోజులు వాన మొహం చాటేస్తే విత్తనం, కూలి రెండూ పోతాయి. అరవై డెబ్బై మిల్లీమీటర్లు పడ్డాకే పెట్టమని వ్యవసాయ శాఖ ప్రతి ఏడూ చెబుతుంది. ఆ పది రోజుల సంగతి చెప్పేది ముందస్తు సూచన. అది వేరే పని, వేరే లెక్క. 2085లో జూన్ సగటు ఎంతో చెప్పే మోడల్ ఈ జూన్ గురించి నోరు విప్పదు. ఆనకట్ట, వంతెన, మురుగుకాల్వ, ట్రాన్స్‌ఫార్మర్, ఆసుపత్రి కప్పు: యాభై ఏళ్లు నిలవాల్సినవి కట్టేవాళ్లదే ఈ మోడల్ అవసరం.

ఇంజనీరు కూడా మోడల్ ఇచ్చిన వానను నేరుగా తీసుకోడు. గతానికి మోడల్ ఇచ్చిన భారీ వాన ఎంత, భవిష్యత్తుకు ఎంత అని నిష్పత్తి తీసి, దాన్ని నిజమైన వానమాపకంలో పడ్డ పాత వాన మీద గుణిస్తాడు. ఒక మోడల్‌తో కాదు, పదింటితో. ప్రపంచ వాతావరణ పరిశోధనా కార్యక్రమం 2009లో కార్డెక్స్ పేరుతో ప్రాంతీయ మోడళ్లన్నిటినీ ఒకే హద్దుల్లో, ఒకే నియమాలతో నడిపించడం మొదలుపెట్టింది ఇందుకే. దక్షిణాసియా భాగాన్ని పుణె సంస్థ చూస్తోంది. పది మోడళ్లు పది నిష్పత్తులిస్తే, ఆ పరిధి మొత్తాన్ని డిజైన్‌లో పెట్టుకోవాలి. మధ్యలోది తీసుకుని ఊపిరి పీల్చుకోకూడదు.

రైతుకు సంబంధించి కార్బన్ డయాక్సైడ్ చేసే పని ఇంకోటి ఉంది, దానికి వాతావరణంతో సంబంధం లేదు. అది పైరుకు తిండి. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, అందరూ క్రీడా అనే సంస్థ, పైకప్పు లేని పారదర్శక గదుల్లో ఆముదం, పొద్దుతిరుగుడు, పప్పుధాన్యాలు పెంచి, పైపులతో వాయువు వదిలి 550, 700 పాళ్ల దగ్గర నిలిపి చూసింది. పత్తి, కంది, సోయా జాతి పైర్లు ఎక్కువ వాయువుతో ఏపుగా పెరుగుతాయి, ఆకు రంధ్రాలు కొంత మూసుకుని నీళ్లు పొదుపు చేస్తాయి. జొన్న, మక్కలకు ఈ లాభం అంతగా లేదు. అవి ఇప్పటికే వాయువును లోపల కూడబెట్టుకునే రకం. వినడానికి ఆదిలాబాద్ పత్తికి శుభవార్తే. అదే సంస్థలో ఆముదం మీద ఇంకో పరిశీలన జరిగింది: అలా పెరిగిన ఆకులో నత్రజని పలచబడటంతో దాసరి పురుగు, లద్దె పురుగు అదే కడుపు నింపుకోవడానికి ఎక్కువ ఆకు తిన్నాయి.

పత్తికి అసలు గండం గాలిలో కాదు, క్యాలెండర్‌లో ఉంది. కాయ పగిలే అక్టోబరులో వాన పడితే దూదిలో తేమ పెరుగుతుంది. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో బండి మీద పత్తిలోకి తేమ మీటరు గుచ్చుతారు. 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, 12 వరకు కోత, ఆపైన భారత పత్తి సంస్థ కొనదు. వాతావరణ మోడల్‌కు పైరు మోడల్‌ను తగిలిస్తే కాయలెన్నో వస్తుంది. మీటరు మీద ముల్లు ఎక్కడ ఆగుతుందో ఏ మోడల్‌లోనూ లేదు.

ఇప్పుడు గళ్లను నాలుగు కిలోమీటర్లకు, అంతకంటే కిందికి దించుతున్నారు. అక్కడ మేఘానికి అంచనా సూత్రం అక్కర్లేదు, మేఘం తనంతట తనే లేస్తుంది. గడి పొడవు సగం చేస్తే లెక్క ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి 50 నుంచి నాలుగుకు దిగడం మామూలు కంప్యూటర్ పని కాదు. అది దొరికినా ఇంకో అడ్డంకి మిగులుతుంది. నాలుగు కిలోమీటర్ల మోడల్ చెప్పిన వాన నిజమో కాదో చూడాలంటే, అంత దగ్గర దగ్గరగా వాన కొలిచిన పాత లెక్క ఉండాలి. తెలంగాణలో ఇప్పుడు మండల మండలానికీ స్వయంచాలక కేంద్రాలున్నాయి, వెయ్యికి పైనే. లక్ష్మీదేవిపేట వానను పట్టింది వాటిలో ఒకటే. అవి చాలావరకు గత పదిహేనేళ్లలో వచ్చినవి. ఒక ఊరి శీతోష్ణస్థితి అని చెప్పడానికి వాతావరణ శాస్త్రం కోరేది ముప్పై ఏళ్ల లెక్క. ఉట్నూరు, తిర్యాణి, కడెం కేంద్రాలకు అది 2040ల్లో గానీ పూర్తికాదు. ఆలోగా బ్యాటరీలు మార్చడం, గరాటులో పడ్డ ఆకులు తీయడం, ఏ రోజు లెక్కా పోకుండా చూడటం మిగిలిన పని.